నిచ్చెన, సంజాయిషీ: వాయుసేనాధిపతుల జీవితకథలు – రాజ్యస్వభావం

ప్రస్తావన

జీవితచరిత్రను వ్యక్తి కేంద్రంగా చదవడం తెలుగు విమర్శలో స్థిరపడిన పద్ధతి. ఆ వ్యక్తి పనిచేసిన రాజ్యం ఎలాంటిదన్న ప్రశ్న ఈ పద్ధతిలో నేపథ్యానికి పరిమితమవుతుంది. సంస్కర్తల, కవుల, ఉద్యమకారుల జీవితాలకు ఈ పద్ధతి కొంతవరకు సరిపోవచ్చు. సైన్యాధిపతుల జీవితకథలకు మాత్రం ఇది చాలదు. సైన్యాధిపతి ఆజ్ఞాపించేవాడే కాదు, ఆజ్ఞను శిరసావహించేవాడు కూడా. ఆ ఆజ్ఞ ఎక్కడినుంచి వస్తుంది, దానికి చట్టబద్ధత ఉందా అన్న అంశాలే అతని జీవితకథ ఏ రూపం తీసుకుంటుందో చాలామేరకు నిర్ణయిస్తాయి.

ఈ ప్రతిపాదనను పరీక్షించడానికి హైదరాబాదు ఒక అరుదైన ఆధారాన్ని ఇస్తుంది. 1923లో హైదరాబాదులో జన్మించి, నిజాం కళాశాలలో చదివి, 1978 నుంచి 1981 వరకు భారత వాయుసేనాధిపతిగా పనిచేసిన ఎయిర్ చీఫ్ మార్షల్ ఇద్రీస్ హసన్ లతీఫ్ జీవితం ఒకవైపు ఉంది. ఆయనతో పాటు అవిభక్త భారత వాయుసేనలో పనిచేసి, తరవాత పాకిస్తాన్ సైనిక పాలనలో వాయుసేనాధిపతులుగా ఉన్న అస్ఘర్ ఖాన్, నూర్ ఖాన్‌ల జీవితాలు మరొకవైపు ఉన్నాయి. ఒకే వాయుసేనలో రూపుదిద్దుకొన్న ఈ ముగ్గురి కథలు మూడు వేర్వేరు రూపాల్లో ఎందుకు మిగిలాయో విశ్లేషించడం ఈ వ్యాసోద్దేశం.

తెలుగు జీవితరచనలో సైన్యాధిపతి

కందుకూరి వీరేశలింగం ‘స్వీయచరిత్రము’ నుంచి టంగుటూరి ప్రకాశం ‘నా జీవిత యాత్ర’ వరకు తెలుగు ఆత్మకథ ప్రధానంగా పౌరజీవితానికి చెందిన ప్రక్రియ. రాజ్యాన్ని ప్రశ్నించినవారు, సంస్కరించదలచినవారు, దానితో తలపడినవారు ఇక్కడ కథకులు. తెలంగాణ ప్రాంతంలో ఈ లక్షణం మరింత స్పష్టం. రావి నారాయణరెడ్డి, పుచ్చలపల్లి సుందరయ్య వంటి నాయకుల రచనలు సాయుధ పోరాటాన్ని నడిపినవారి వైపునుంచి వచ్చాయి. స్త్రీశక్తి సంఘటన వెలువరించిన ‘మనకు తెలియని మన చరిత్ర’ ఆ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటలను వారి గొంతులోనే నమోదు చేసింది. రజాకార్ల దాడులు, 1948 తరవాతి సైనిక చర్యలు, అడవి శిబిరాలు, జైళ్ళు ఈ రచనల్లో అనుభవంగా కనిపిస్తాయి.

అంటే తుపాకికి ఎదురుగా నిలిచినవారి సాక్ష్యం తెలుగులో సమృద్ధిగా ఉంది. తుపాకి పట్టిన వ్యవస్థకు అధిపతి అయినవాడి స్వగతం మాత్రం తెలుగులో అరుదు. హైదరాబాదుతో సంబంధమున్న సేనానుల జీవితకథలు కూడా ఎక్కువగా ఇంగ్లీషులోనే వెలువడ్డాయి. ఫలితంగా తెలుగు విమర్శ ఈ ప్రక్రియను పరిశీలించే పనిముట్లను సమకూర్చుకోలేదు. సేనాని కథ ఎదురైనప్పుడు దాన్ని దేశభక్తి గాథగానో, అధికారుల ఆత్మస్తుతిగానో చదివి ముగించడం పరిపాటి అయింది. ఈ రెండు పఠనాలూ వ్యక్తి గుణదోషాల దగ్గరే ఆగిపోతాయి.

ఒకే వాయుసేన, మూడు దారులు

అస్ఘర్ ఖాన్ 1921లో జమ్మూలో జన్మించారు. నూర్ ఖాన్, లతీఫ్ ఇద్దరూ 1923లో పుట్టినవారు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో ముగ్గురూ బ్రిటిష్ ఇండియా వాయుసేన అధికారులు. లతీఫ్ బర్మా రంగంలో వెంజెన్స్ బాంబర్ విమానాలు నడిపారు. 1947లో సైన్యం, విమానాలు, చివరకు కార్యాలయాల కుర్చీలు బల్లలు కూడా పంపకానికి వచ్చినప్పుడు, ముస్లిం అధికారులు ఏదో ఒక దేశాన్ని ఎంచుకోవలసి వచ్చింది. అస్ఘర్ ఖాన్, నూర్ ఖాన్ పాకిస్తాన్ వాయుసేనలోకి రమ్మని లతీఫ్‌ను ఆహ్వానించారనీ, మతానికీ దేశానికీ ముడిపెట్టనన్న భావంతో ఆయన నిరాకరించారనీ లతీఫ్ గురించిన కథనాలన్నీ చెబుతాయి.

ఈ సంఘటనను రెండు దేశాల మధ్య ఎంపికగా చూపడం అలవాటు. హైదరాబాదీ విషయంలో ఇది అసంపూర్ణం. నిజాం 1947 జూన్‌లోనే స్వతంత్రంగా ఉంటానని ప్రకటించారు. అదే ఏడాది నవంబరులో భారత ప్రభుత్వంతో యథాతథ ఒప్పందం కుదిరింది. కాబట్టి 1947లో హైదరాబాదీ అధికారి ఎదుట ఉన్నవి రెండు దారులు కావు, మూడు. భారతదేశం, పాకిస్తాన్, అప్పటికి ఇంకా విలీనం కాని సొంత సంస్థానం. లతీఫ్ నిర్ణయం పాకిస్తాన్‌ను కాదనడమే కాక, పుట్టిన ఊరి రాజ్యాన్ని దాటి ముందుకు చూడడం కూడా. ఈ రెండవ పార్శ్వం సాధారణంగా విస్మృతమవుతుంది.

అప్పటికి ఈ ముగ్గురిలో ఎవరికీ తాము ఎంచుకొన్న రాజ్యం పదేళ్ళ తరవాత ఎలా ఉంటుందో తెలియదు. 1958 అక్టోబరు 7న పాకిస్తాన్‌లో 1956 నాటి రాజ్యాంగం రద్దయి సైనిక శాసనం వచ్చింది. ఆ నెల ముగిసేలోగా జనరల్ అయూబ్ ఖాన్ అధ్యక్షుడయ్యారు. అంతకు ముందు ఏడాది, 36 ఏళ్ళ వయసులో వాయుసేనాధిపతి అయిన అస్ఘర్ ఖాన్ తన కుర్చీలోనే ఉన్నారు. ఆయన కుర్చీ మారలేదు, దాని అర్థం మారింది. నిన్నటివరకు రాజ్యాంగానికి లోబడిన పదవి, ఒక సేనాని అభీష్టానికి లోబడిన పదవి అయింది. తరవాతి కథాభేదానికి మూలం ఇక్కడ ఉంది.

అస్ఘర్ ఖాన్: సంజాయిషీ రూపం

సైనిక నియంతృత్వంలో వాయుసేనాధిపతి స్థానం విచిత్రమైనది. కుట్రను అమలు చేసేది పదాతిదళం. రేడియో కేంద్రాన్నీ, సచివాలయాన్నీ, కూడళ్ళనూ స్వాధీనం చేసుకొనేది నేలమీది సైన్యం. వాయుసేనాధిపతి అధికారంలో భాగస్వామిగా కనిపిస్తాడు కాని అధికారానికి యజమాని కాడు. పాలన వల్ల వచ్చే అపకీర్తిలో అతనికి వాటా ఉంటుంది, నిర్ణయాల్లో ఉండదు. ఈ అసమానత అతని కథనానికి ఒక ప్రత్యేక వాక్యాన్ని ఇస్తుంది: ‘నాకు చెప్పలేదు’.

1965 ఘటనలు దీనికి నిదర్శనం. ఏప్రిల్‌లో రాన్ ఆఫ్ కచ్ ఘర్షణ వేళ అస్ఘర్ ఖాన్ భారత వాయుసేనాధిపతి అర్జన్ సింగ్‌కు ఫోన్ చేశారు. రెండు వాయుసేనలూ ఆ ఘర్షణకు దూరంగా ఉండేలా వారి మధ్య అవగాహన కుదిరింది. జూలైలో ఆయన పదవినుంచి వైదొలిగారు. ఆగస్టులో కాశ్మీరులోకి చొరబాట్లు, సెప్టెంబరులో పూర్తిస్థాయి యుద్ధం జరిగాయి. చొరబాటు పథకం గురించి వాయుసేనకు తగిన సమాచారం ఇవ్వలేదన్న విమర్శ తరవాతి కాలంలో వాయుసేన వైపునుంచే వచ్చింది. అస్ఘర్ ఖాన్ 1979లో వెలువరించిన ‘ది ఫస్ట్ రౌండ్’ ఆ యుద్ధంపై రాసినదే. కేవలం యుద్ధచరిత్రగా చూస్తే ఆ గ్రంథానికి పరిమితులు ఉండవచ్చు. ప్రక్రియాపరంగా అది ఒక అధికారి దాఖలు చేసిన వాంగ్మూలం.

1983లో, గృహనిర్బంధ కాలంలోనే, ‘జనరల్స్ ఇన్ పాలిటిక్స్’ వెలువడింది. 1958 నుంచి 1982 వరకు పాకిస్తాన్ రాజకీయాల్లో సేనానుల పాత్ర దాని విషయం. 2005 నాటి మరో గ్రంథానికి ‘చరిత్రనుంచి ఏమీ నేర్చుకోలేదు’ అన్న అర్థమిచ్చే పేరు పెట్టారు. పేర్ల వరుస గమనార్హం. మొదటిది ఒక యుద్ధం, రెండవది ఒక వర్గం, మూడవది మొత్తం సమాజం. సంజాయిషీ క్రమంగా అభియోగపత్రంగా మారింది. అయితే అభియోగం మోపే వ్యక్తి ఒకప్పుడు ఆ వ్యవస్థలో 7 ఏళ్ళు వాయుసేనాధిపతి. పాఠకుడు ఈ విషయాన్ని మరచిపోలేడు, రచయిత దాన్ని మరపించలేడు. ఈ రచనల బిగువు ఆ ఇరకాటంలోనే ఉంది.

ఆయన జీవితంలో రెండు ఘట్టాలు ఈ ఇరకాటాన్ని తేటతెల్లం చేస్తాయి. యుద్ధకాలంలో సింధ్ ప్రాంతపు హుర్ తిరుగుబాటు సందర్భంగా, పౌరులతో కూడిన బిడారుపై కాల్పులు జరపమన్న ఆజ్ఞను తాను పాటించలేదని ఆయన చెప్పుకొన్నారు. 1977లో భుట్టో ప్రభుత్వానికి వ్యతిరేకంగా ఉద్యమం సాగుతున్నప్పుడు, చట్టవిరుద్ధమైన ఆజ్ఞలను పాటించవద్దని త్రివిధ దళాధిపతులకు లేఖ రాశారు. సూత్రం ఒకటే: అక్రమమైన ఆజ్ఞకు విధేయత ధర్మం కాదు. కాని ఫలితాలు వేరు. మొదటి సందర్భంలో యువ అధికారి తన చేతిని తాను ఆపుకొన్నాడు. రెండవ సందర్భంలో రాజకీయ నాయకుడు ఇతరుల చేతులను కదలమన్నట్టు వినిపించాడు. ఆ ఏడాది జూలై 5న జనరల్ జియా ఉల్ హక్ అధికారం చేజిక్కించుకొన్నారు. ఆ లేఖ సైన్యాన్ని ఆహ్వానించిందన్న విమర్శ అస్ఘర్ ఖాన్‌ను జీవితాంతం వెంటాడింది. ఆహ్వానితుడైన జియా పాలనలోనే ఆయన 1979 నుంచి 1984 వరకు గృహనిర్బంధంలో గడపడం ఈ కథలోని చేదు వైపరీత్యం.

ఇక్కడ వ్యక్తి చిత్తశుద్ధిని శంకించడం సులభం, సమర్థించడం కూడా సులభమే. విమర్శకు అవసరమైనది మూడవ మార్గం. న్యాయస్థానం, శాసనసభ, పత్రిక బలహీనపడిన సమాజంలో అన్యాయాన్ని ఆపమని కోరడానికి మిగిలిన చిరునామా సైనిక కార్యాలయమే అవుతుంది. నియంతృత్వం చేసే అసలు హాని ఇది. వ్యతిరేకించేవాడి ఊహను కూడా అది తన పరిధిలోనే బంధిస్తుంది. 1996లో ఆయన ఆ పరిధిని దాటారు. 1990 ఎన్నికల్లో గూఢచారి సంస్థ రాజకీయ నాయకులకు డబ్బు పంచిందన్న ఆరోపణపై సుప్రీంకోర్టును ఆశ్రయించారు. 2012లో కోర్టు ఆ జోక్యాన్ని రాజ్యాంగ విరుద్ధమని తీర్పు ఇచ్చింది. లేఖనుంచి పిటిషనుకు, సైనిక కార్యాలయంనుంచి న్యాయస్థానానికి సాగిన ఈ 2 దశాబ్దాల ప్రయాణమే అస్ఘర్ ఖాన్ జీవితకథలోని నిజమైన కథాగమనం.

నూర్ ఖాన్: ‘గవర్నర్’ అన్న మాటకు రెండు అర్థాలు

1965 జూలైలో అస్ఘర్ ఖాన్, నూర్ ఖాన్ దాదాపు కుర్చీలు మార్చుకొన్నారు. పాకిస్తాన్ అంతర్జాతీయ విమానయాన సంస్థను నడుపుతున్న నూర్ ఖాన్ వాయుసేనకు వచ్చారు, అస్ఘర్ ఖాన్ విమానయాన సంస్థకు వెళ్ళారు. యుద్ధవిమానాలూ ప్రయాణికుల విమానాలూ ఒకే పాలకుడి చేతి వరాలన్న సంగతిని ఈ మార్పిడి చాటుతుంది. నూర్ ఖాన్ సమర్థతను ఎవరూ కాదనలేదు. 1978లో విమానయాన సంస్థ అధిపతిగా ఉండగా, విమానాన్ని హైజాక్ చేయబోయిన వ్యక్తిని స్వయంగా ఎదుర్కొని గాయపడిన సాహసి ఆయన. అయినా జనరల్ యాహ్యా ఖాన్ 1969లో అధికారానికి వచ్చినప్పుడు ఆ సమర్థత సైనిక శాసనానికి పనిముట్టయింది. ఆయన ఉప ప్రధాన సైనిక శాసన నిర్వాహకుడిగా, తరవాత పశ్చిమ పాకిస్తాన్ గవర్నరుగా పనిచేశారు. కార్మిక, విద్యా విధానాల్లో సంస్కరణలకు పూనుకొన్నారు.

13 ఏళ్ళ తరవాత, 1982లో, లతీఫ్ మహారాష్ట్ర గవర్నరయ్యారు. ఇద్దరూ వాయుసేనాధిపతులు, ఇద్దరూ గవర్నర్లు. జీవితచరిత్రకోశంలో రెండు పద్దులూ ఒకేలా కనిపిస్తాయి. ఒకరు సైనిక శాసనం కింద గవర్నరు. మరొకరు పదవీ విరమణ తరవాత, ఎన్నికైన ముఖ్యమంత్రి ఉన్న రాష్ట్రంలో, రాజ్యాంగం గీసిన గీతల లోపల గవర్నరు. ఒకరిది పాలన, మరొకరిది ప్రాతినిధ్యం. పదం ఒకటే అయినా అర్థాన్ని ఇచ్చింది రాజ్యం. వ్యక్తి కేంద్రిత పఠనానికి ఈ తేడా అందదు.

చిలీ దృష్టాంతం

ఈ లక్షణం దక్షిణాసియాకు పరిమితం కాదనడానికి చిలీ ఉదాహరణ చాలు. 1973 సెప్టెంబరు 11న అధ్యక్ష భవనంపై హంటర్ విమానాలు దాడి చేసినప్పుడు వాయుసేనాధిపతి గుస్తావో లే. పినోచేతో పాటు పాలకమండలిలో సభ్యుడైన ఆయనను 1978లో పినోచే తొలగించారు. ఆ కుట్రను వ్యతిరేకించిన వాయుసేన జనరల్ అల్బెర్తో బషెలే నిర్బంధంలో 1974లో మరణించారు. లే స్థానంలో వచ్చిన ఫెర్నాందో మత్తై, 1988 అక్టోబరు 5 రాత్రి ప్రజాభిప్రాయ సేకరణలో ప్రభుత్వం ఓడిందని పత్రికలవారి ఎదుట అంగీకరించి పినోచే చేతులు కట్టేశారు. అదే మత్తై జీవితకథ 2003లో పుస్తకంగా వచ్చినప్పుడు దానికి ‘నా సాక్ష్యం’ అన్న అర్థమిచ్చే పేరు పెట్టడం యాదృచ్ఛికం కాదు. ఆఖరి రాత్రి చెప్పిన ఒక నిజం, అంతకు ముందు పదేళ్ళ మౌనానికి జవాబు చెప్పవలసి వచ్చింది.

లతీఫ్: నిచ్చెన, దాని నీడ

లతీఫ్ జీవితాన్ని ఆయన భార్య బిల్కీస్ లతీఫ్ ‘ది లాడర్ ఆఫ్ హిస్ లైఫ్’ అన్న పేరుతో రాశారు. నిచ్చెన అన్న ఈ ఉపమానంలోనే గ్రంథస్వభావం ఉంది. 1950 గణతంత్ర దినోత్సవాన విమానాల బారుకు నాయకత్వం, 1971 యుద్ధవేళ వాయుసేన కేంద్ర కార్యాలయంలో ప్రణాళికా బాధ్యత, 1978లో అత్యున్నత పదవి, జాగ్వార్ విమానాల రాక, ఆపై గవర్నరు పదవి, ఫ్రాన్స్‌లో రాయబారి పదవి. ఒక మెట్టు తరవాత మరొక మెట్టు. తెలుగువారికి పరిచితమైన వైకుంఠపాళిలో నిచ్చెన పక్కనే పాము ఉంటుంది. ఆ పాము నోట పడి జైలుకో గృహనిర్బంధానికో జారిన గడి లతీఫ్ పటంలో లేదు. మరో విశేషం, ఈ కథను చెప్పింది ఆయన కాదు. తనను తాను సమర్థించుకోవలసిన అగత్యం లేని జీవితాన్ని సహచరి చెప్పగలదు. సంజాయిషీని మాత్రం ఎవరికి వారే ఇచ్చుకోవాలి.

దీన్ని లతీఫ్ వ్యక్తిగత ఔన్నత్యానికి మాత్రమే ఆపాదించడం పొరపాటు. ‘పాకిస్తాన్‌ను కాదన్న ముస్లిం’ అన్న ప్రశంస మరింత లోపభూయిష్టం. తోటి హిందూ, సిక్కు, పార్సీ, క్రైస్తవ అధికారులను ఎన్నడూ అడగని ప్రశ్నకు ఆయన జీవితాన్ని జవాబుగా నిలబెట్టడం ఆ ప్రశంసలోని అంతరార్థం. ఆయన కథను సాఫీగా నడిపింది 1947 నాటి నిర్ణయం ఒక్కటే కాదు. ఆ నిర్ణయానికి విలువ మిగిల్చిన వ్యవస్థ కూడా. అంటే వరుస ఎన్నికలు, రక్షణమంత్రికి జవాబుదారీ అయిన సేనానులు, గడువు తీరగానే దిగిపోయే పదవులు.

అయితే ఈ వాదాన్ని ఎదుటివైపునుంచి కూడా పరీక్షించాలి. సంజాయిషీ లేకపోవడం నిర్దోషిత్వానికి రుజువు కాదు. 1966 మార్చిలో భారత వాయుసేన విమానాలు సొంత దేశపు పట్టణమైన ఐజ్వాల్‌పై దాడి చేశాయి. పౌర ప్రభుత్వం కింద బాధ్యత మంత్రివర్గానిది అవుతుంది కనుక సేనాని జీవితకథ అలాంటి ఘట్టాలపై మాట్లాడకుండానే సాగిపోగలదు. నియంతృత్వంలో సేనాని అతిగా మాట్లాడవలసి వస్తే, ప్రజాస్వామ్యంలో అతనికి మౌనం హక్కుగా దక్కుతుంది. నిచ్చెన కథ చదివేటప్పుడు దాని నీడను కూడా చదవడం విమర్శకుడి బాధ్యత.

హైదరాబాదు అద్దంలో

ఈ రెండు రూపాలూ హైదరాబాదు చరిత్రలోనే ఎదురెదురుగా ఉన్నాయి. రెండు ప్రపంచ యుద్ధాల్లోనూ నిజాం ధనసహాయానికి గుర్తుగా బ్రిటిష్ వాయుసేనలో హైదరాబాదు పేరుతో దళాలు ఉండేవి. కాని సంస్థానానికి 1948లో చెప్పుకోదగిన యుద్ధవైమానిక బలం లేదు. ఆస్ట్రేలియా వైమానికుడు సిడ్నీ కాటన్ కరాచీనుంచి రాత్రివేళ తెచ్చిన ఆయుధాలు బీదర్, వరంగల్ విమానాశ్రయాల్లో దిగాయి. సెప్టెంబరులో 5 రోజుల్లో యుద్ధం ముగిసింది. సంస్థాన సేనాధిపతి సయ్యద్ అహ్మద్ ఎల్ ఎద్రూస్, మేజర్ జనరల్ జె. ఎన్. చౌధురి ఎదుట లొంగిపోయారు. ఎద్రూస్ మరణానంతరం, 1994లో అచ్చయిన ‘హైదరాబాద్ ఆఫ్ ది సెవెన్ లోవ్స్’ ఓడిన రాజ్యపు సేనాని స్మృతిగ్రంథం. రజాకార్ల ప్రాబల్యం పెరిగిన ప్రభుత్వంలో వృత్తి సైనికుడి స్థానం అస్ఘర్ ఖాన్ స్థానాన్ని గుర్తుచేస్తుంది. పేరుకు సేనాధిపతి, నిర్ణయం మరొకచోట.

లొంగుబాటు స్వీకరించిన చౌధురి 1949 చివరివరకు హైదరాబాదుకు సైనిక గవర్నరు. అంటే ఈ నేల కూడా ఏడాదికి పైగా సైనికాధికారి పాలన చూసింది. ఆ కాలంలో తెలంగాణ రైతాంగంపై సాగిన అణచివేతకు పోరాట సాహిత్యం సాక్షి. అయినా ఆ పాలన గడువుతో ముగిసింది, 1952లో ఎన్నికలు వచ్చాయి, చౌధురి తిరిగి సైన్యానికి వెళ్ళి అనంతరం భారత సైన్యాధిపతి అయ్యారు. 1958లో పాకిస్తాన్‌లో జరగనిది ఇదే. సైనికుడు అధికారంలోకి రావడం ఎంత ముఖ్యమో, తిరిగి వెళ్ళే దారి తెరిచి ఉండడం అంతే ముఖ్యం.

వెండితెర మీద లేని సేనాని

హైదరాబాదులో ఈ చరిత్ర ప్రజల ఊహలోకి చేరవలసిన ప్రధాన మార్గం సినిమా. జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్, రహమత్‌నగర్ పరిసరాలు ఆ పరిశ్రమకు నెలవు. ‘కంచె’, ‘ఘాజీ’, ‘మేజర్’, ‘సీతారామం’, ‘ఆపరేషన్ వాలెంటైన్’ వంటి చిత్రాలతో గత దశాబ్దంలో తెలుగు తెరపై సైనికుడు తరచుగా కనిపిస్తున్నాడు. ఈ కథానాయకులందరూ రంగంలో ఉన్న సిపాయిలో, మధ్యస్థాయి అధికారులో. వారి నైతిక పరీక్ష శత్రువు ఎదుట జరుగుతుంది. సేనాధిపతి పరీక్ష అలాంటిది కాదు. అది ఒక ఫోన్ సంభాషణలో, ఒక రాజీనామా పత్రంలో, చేయని ఒక సంతకంలో జరుగుతుంది. తన పక్షమే అతనికి ఎదురుపక్షం. ఈ సంఘర్షణకు దృశ్యరూపం కష్టం కావచ్చు, అసాధ్యం కాదు. లతీఫ్ పుట్టిన నగరంలోనే, దుండిగల్ వాయుసేన అకాడమీకి కొద్ది దూరంలోనే కథలు అల్లుతున్న పరిశ్రమకు ఈ వస్తువు ఇంకా తారసపడకపోవడం, సైనికుణ్ణి వీరుడిగా మాత్రమే చూసే అలవాటు ఫలితం.

ముగింపు

నియంతృత్వంలో వాయుసేనాధిపతి జీవితకథ సంజాయిషీగా, వాంగ్మూలంగా, ఆపై అభియోగపత్రంగా రూపొందుతుంది. పౌర ప్రభుత్వం కింద అదే స్థాయి అధికారి కథ నిచ్చెనగా రూపొందుతుంది. ఈ రూపాలను మొదట నిర్ణయించేది రచయిత ప్రతిభ కాదు, రాజ్యస్వభావం. అస్ఘర్ ఖాన్, ఇద్రీస్ లతీఫ్ ఇద్దరూ 2018లోనే మరణించారు. ఒకరు చివరివరకు జవాబు చెబుతూ, జవాబు అడుగుతూ గడిపారు. మరొకరిని ఎవరూ ఏమీ అడగలేదు. మొదటివారి కథలో రాజ్యం దోషం స్పష్టంగా కనిపిస్తుంది. రెండవవారి కథలో రాజ్యం చేసిన మేలు కనిపించకుండా పోతుంది. సంకట సమయంలోనే తప్ప సంస్థల విలువ గుర్తుకు రాని సమాజానికి, ఆ కనిపించని మేలును చూపించడమే సేనానుల జీవితరచనపై తెలుగు విమర్శ చేపట్టదగిన పని. అందుకు నిచ్చెన కథను సంజాయిషీ పక్కన, ఆ రెండింటినీ తెలంగాణ పోరాట సాక్ష్యాల పక్కన పెట్టి చదవాలి. ఆజ్ఞ ఇచ్చినవాడు, ఆజ్ఞ మోసినవాడు, ఆజ్ఞకు గురైనవాడు ముగ్గురూ ఒకే పఠనంలోకి వచ్చినప్పుడే ఆ చరిత్ర పూర్తవుతుంది.